ఈసారి ఇంట్లో క్రిస్మస్ చెట్టు: మొక్కా, కొమ్మా, ప్లాస్టిక్కా?

చీరాల కోడలు
అందరికీ వందనాలు. మా ఇంట్లో చాలా రోజులుగా తేలని విషయం ఒకటి మీ ముందు పెడుతున్నాను. మేము కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. ఇప్పటిదాకా క్రిస్మస్ అంటే చీరాలలో అత్తగారిల్లే. మామయ్యగారు సరుగుడు కొమ్మ తెప్పించి ఇసుక బకెట్‌లో నిలబెడతారు, దానికి దూది, రంగు కాగితాలు, సీరియల్ సెట్టు, పైన అట్టతో చేసిన నక్షత్రం. ఈ ఏడాది మావారికి సెలవు దొరకలేదు, అందుకని అత్తయ్యా మామయ్యా ఇక్కడికే వస్తున్నారు, చెట్టు ఇక్కడే పెట్టాలి. మావారు ఆన్‌లైన్‌లో ఆరడుగుల ప్లాస్టిక్ చెట్టు చూసిపెట్టారు, ఒక్కసారి కొంటే మళ్ళీ మళ్ళీ కొనక్కర్లేదు కదా అంటారు. మా పెద్దమ్మాయి ఏడో తరగతి, ప్లాస్టిక్ వద్దే వద్దని పట్టుబట్టింది. నాకేమో నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ అని అమ్ముతారే, అంతస్తులు అంతస్తులుగా కొమ్మలుండే మొక్క, అది తెచ్చుకోవాలని ఉంది, కానీ బతుకుతుందో లేదో అని టెన్షన్. బాల్కనీ తూర్పు వైపు, పొద్దున పదింటిదాకా ఎండ ఉంటుంది. మీ ఇళ్ళలో ఏం పెడుతున్నారు, పండగ అయ్యాక దాన్ని ఏం చేస్తున్నారు, కాస్త వివరంగా చెప్పండి.

సికింద్రాబాద్ శాంతి
సిస్టర్, ఎక్కువ ఆలోచించకుండా ప్లాస్టిక్ తీసుకోండి. మా ఇంట్లో ఉన్నది మా పెళ్ళైన కొత్తలో జనరల్ బజార్‌లో కొన్నది, పిల్లలు కాలేజీకి వచ్చారు, ఇంకా అదే పెడుతున్నాం. ఒకటి రెండు కొమ్మలు వంగిపోతే మావారు కట్టుతీగతో కట్టారు, అంతే. ఆకులు రాలడం, నీళ్ళు కారడం, చీమలు పట్టడం ఏమీ ఉండవు.

కడియం మొక్కలు
వందనాలండీ. మాది కడియపులంక, నాన్న కాలం నుంచి నర్సరీ పనిలోనే ఉన్నాం. మీరు చెప్తున్నది అరకేరియా. అదే పేరుతో రెండు రకాలు అమ్ముతారు, ఒకటి ఆస్ట్రేలియా అవతల నార్ఫోక్ దీవి చెట్టు, రెండోది న్యూ కలెడోనియా నుంచి వచ్చిన కుక్ పైన్, చిన్న మొక్కలప్పుడు రెండింటికీ తేడా పట్టడం కష్టం. రెండూ మంచు దేశాల చెట్లు కావు, సముద్రపు గాలి తగిలే వెచ్చటి దీవుల్లో పెరిగేవి, అందుకే మన దగ్గర బతుకుతాయి. మే నెల ఎండ నేరుగా పడితే మాత్రం లేత ఆకు మాడుతుంది, ఆ ఎండలు ఉన్నన్నాళ్ళూ నీడకి జరపాలి లేదా గ్రీన్ నెట్ కట్టాలి. మీ తూర్పు బాల్కనీ దీనికి చక్కగా సరిపోతుంది.

ఫ్లాట్లలో ఈ మొక్క చచ్చిపోవడానికి పెద్ద కారణం నీళ్ళు ఎక్కువ పోయడమే. కుండీ కింద ప్లేటు పెట్టి రోజూ మగ్గు నిండా పోస్తారు, వేరు కుళ్ళుతుంది, పైకి చూస్తే ఆకు ఎండినట్టు ఉంటుంది, ఎండిందనుకుని ఇంకో మగ్గు పోస్తారు. వేలు మట్టిలోకి గుచ్చి చూడండి, లోపల తడి తగలకపోతేనే పోయండి, ప్లేటులో నిలిచిన నీళ్ళు పారబోయండి.

కొనేటప్పుడు ముందు మొక్క తల చూడండి. నడి కాండం చివర విరిగి ఉంటే ఎంత తక్కువకి ఇస్తానన్నా తీసుకోవద్దు, ఆ తర్వాత దానికి ఆ ఆకారం రాదు. కింది వరస కొమ్మలు పచ్చగా ఉండాలి, అవి ఒకసారి ఎండి రాలిపోతే ఆ చోట మళ్ళీ రావు, కింద బోడిగా మిగిలిపోతుంది. ఇంకో సంగతి, కొందరు పక్క కొమ్మ తుంచి నాటుకుంటామని అడుగుతారు. వేరు పట్టినా అది పక్కకే పాకుతుంది తప్ప నిటారుగా లేవదు. అందుకే దీన్ని గింజ నుంచి పెంచాల్సి వస్తుంది, ఎదుగుదల కూడా నెమ్మది, ధర ఎక్కువ ఉండేది అందుకే.

చీరాల కోడలు
కడియం గారూ, చాలా థాంక్స్ అండీ. ఇంత వివరంగా మాకు ఏ నర్సరీలోనూ చెప్పలేదు. శాంతి సిస్టర్, మీ చెట్టు అన్నేళ్ళు వచ్చిందంటే ఆశ్చర్యంగా ఉంది, మా ఎదురు ఫ్లాట్ వాళ్ళది మూడేళ్ళకే ముట్టుకుంటే ఆకు రాలుతోంది.

బాపట్ల యూత్
అక్కా, చీరాల వాళ్ళయి ఉండి సరుగుడు వదిలేస్తారా! మా చర్చిలో ప్రతి సంవత్సరం పన్నెండడుగుల సరుగుడు చెట్టే పెడతాం. చాలామందికి తెలియనిది ఏంటంటే, దీనికోసం ప్రత్యేకంగా చెట్టు కొట్టక్కర్లేదు. మా వైపు సరుగుడు రైతు పంట. నారు నాటి మూడు నాలుగేళ్ళకి మొత్తం తోట కొట్టేసి మొద్దులు పేపరు మిల్లులకీ, సరంజామా కర్రలకీ అమ్ముతారు. చివర్లు ఎవరికీ అక్కర్లేదు, పొయ్యిలోకి పోతాయి. డిసెంబరులో ఎక్కడో ఒకచోట కోత నడుస్తూనే ఉంటుంది, మేము రైతుని అడిగి గుబురుగా ఉన్న చివరు ఒకటి తెచ్చుకుంటాం, పండగయ్యాక అది మళ్ళీ ఎవరి పొయ్యిలోకో వెళ్తుంది. మధ్యలో పది రోజులు చర్చిలో నిలబడింది, అంతే తేడా. ఇంతకన్నా తక్కువ ఖర్చు, తక్కువ చెత్త ఏ చెట్టుతో అవుతుంది చెప్పండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. బీచ్ పక్కన వరసగా ఉండే సరుగుడు తోపుల జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకండి. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత తీరం పొడవునా గాలి తాకిడి ఆపడానికి అటవీశాఖ పెంచిన చెట్లు అవి. పండగ ముందు రోజుల్లో కుర్రాళ్ళు బైకుల మీద వెళ్ళి కొమ్మలు నరుక్కొస్తున్నారు, చూస్తే కడుపు మండుతుంది. ఒక్క కొమ్మే కదా అని ఊళ్ళో ప్రతి వీధీ అనుకుంటే తోపులో ఏం మిగులుతుంది? మొన్న యూత్ మీటింగ్‌లో కూడా ఇదే చెప్పాను, రైతు దగ్గర కొనండి, లేదా అడిగి తెచ్చుకోండి.

సికింద్రాబాద్ శాంతి
తమ్ముడూ, మీకు తోట పక్కనే ఉంది కాబట్టి సరిపోయింది. హైదరాబాద్‌లో సరుగుడు చివరు ఎక్కడ తెస్తారు?

బాపట్ల యూత్
నిజమే అక్కా. మామయ్యగారు చీరాల నుంచి రైల్లో వస్తున్నట్టయితే నాలుగడుగుల కొమ్మ గోనెపట్టాలో చుట్టి తేవచ్చు, కానీ తడి లేకపోతే రెండు మూడు రోజుల్లో రంగు మారి వేలాడిపోతుంది. 22న తెచ్చి 26న తీసేసే ఇంటికైతే పర్లేదు. డిసెంబరు 1 నుంచే చెట్టు కావాలనుకునే వాళ్ళకి కుదరదు.

ఒక పాత లెక్కల టీచర్
ప్లాస్టిక్ మంచిదా చెడ్డదా అని ఊరికే వాదించుకునే బదులు లెక్క చూద్దాం. బ్రిటన్‌లో కార్బన్ ట్రస్ట్ అనే సంస్థ లెక్క ప్రకారం రెండు మీటర్ల ప్లాస్టిక్ చెట్టు తయారీ, రవాణా అన్నీ కలిపి దాదాపు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అదే ఎత్తు నిజం చెట్టుని పండగయ్యాక చెత్తకుప్పలో పడేసి మట్టి కప్పితే 16 కిలోలు, ఎందుకంటే గాలి తగలకుండా కుళ్ళినప్పుడు మీథేన్ వస్తుంది. తగలబెట్టినా, ముక్కలు చేసి మొక్కల మొదట్లో వేసినా మూడున్నర కిలోలే. అంటే ఏటా నిజం చెట్టు తెచ్చి సరిగ్గా వదిలించుకునే ఇంటితో పోటీ పడాలంటే ప్లాస్టిక్ చెట్టు కనీసం 12 ఏళ్ళు నిలవాలి. చెత్తలో పారేసే ఇంటితో పోలిస్తే మూడేళ్ళకే ప్లాస్టిక్ గెలుస్తుంది. కెనడాలోని మాంట్రియల్‌లో ఎలిప్సోస్ అనే కంపెనీ 2009లో ఇలాంటి లెక్కే వేసి 20 ఏళ్ళు వాడితే తప్ప ప్లాస్టిక్ మేలు కాదని తేల్చింది. దేశం మారితే, రవాణా దూరం మారితే అంకె మారుతుంది, కానీ విషయం ఒకటే, ఎన్నేళ్ళు వాడతారు అన్నదాని మీదే మొత్తం ఆధారపడి ఉంది.

కాబట్టి శాంతి గారి ప్లాస్టిక్ చెట్టు వల్ల నాకేం బాధ లేదు, వాళ్ళు పిల్లలు పెద్దయ్యేదాకా వాడారు. మూడేళ్ళకోసారి మోడల్ పాతబడిందని కొత్తది కొనేవాళ్ళతోనే నా బాధ. పైగా పీవీసీ ఆకు, ఇనప తీగ, రంగు అన్నీ కలిసిపోయి ఉంటాయి కాబట్టి పాత సామాన్ల వాళ్ళు కూడా తీసుకోరు.

బాపట్ల అబ్బాయి చెప్పిన సరుగుడు చివరుకి ఈ విదేశీ లెక్క వర్తించదు కూడా. అక్కడ చెట్టు పెంచింది మిల్లు కోసం, మనం వాడింది మిగులు. అది అన్నిటికన్నా తక్కువే అవుతుంది.

షార్లెట్ తెలుగాయన
నేను అమెరికాలో, నార్త్ కరొలైనాలో ఉంటాను. ఇక్కడి సంగతి కొంచెం చెప్తాను, ఎందుకంటే మన వాళ్ళు చాలామంది నిజం చెట్టు అంటే అడవిలో చెట్టు నరికి తెస్తారనుకుంటారు. మా రాష్ట్రంలో పడమటి కొండల మీద ఫ్రేజర్ ఫర్ అనే చెట్టు పెంచడం పెద్ద వ్యవసాయం, ఒరెగాన్ తర్వాత క్రిస్మస్ చెట్లు ఎక్కువ పండించేది మేమే. ఆరేడడుగుల చెట్టు కావాలంటే రైతు ఏడెనిమిదేళ్ళు పెంచాలి, ఏటా గుబురుగా వచ్చేలా కత్తిరించాలి, ఒకటి కొట్టిన చోట ఇంకో నారు పెట్టాలి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను ఆ కొండల్నే కొట్టింది, కొండచరియలు విరిగి తోటలు పోయాయి, రోడ్లు పోయాయి. అన్నేళ్ళు పెంచిన పంట ఒక్క రోజులో పోతే మిరప రైతుకైనా ఫర్ రైతుకైనా ఒకటే కదా. ఆ ఏడాది మా తెలుగు చర్చి వాళ్ళం కలిసి కావాలనే కొండ మీద తోటకి వెళ్ళి చెట్లు కొన్నాం.

ఇంట్లో పెట్టే పద్ధతి: తెచ్చాక కాండం అడుగున ఒక అంగుళం మళ్ళీ కోయాలి, లేకపోతే బంక గడ్డకట్టి నీళ్ళు పీల్చదు. నీళ్ళు పట్టే స్టాండ్‌లో పెట్టాలి, మొదటి రోజు ఎన్ని నీళ్ళు తాగుతుందో చూస్తే నమ్మలేరు. కాండం మందం ఎన్ని అంగుళాలుంటే రోజుకి దాదాపు అన్ని లీటర్లు పట్టే స్టాండ్ కావాలి అని లెక్క. ఒక్కరోజు నీళ్ళు అయిపోయి మొదలు ఆరితే మళ్ళీ పీల్చదు, చెట్టు ఎండుతుంది. ఎండిన ఫర్ చెట్టుకి నిప్పు తగిలితే గది మొత్తం అంటుకోవడానికి నిమిషం కూడా పట్టదు, అందుకే హీటర్‌కి కనీసం మీటరు దూరం ఉంచమని ఫైర్ వాళ్ళు ప్రతి ఏడూ చెప్తారు.

అన్నట్టు, ఇక్కడ అపార్ట్‌మెంట్లలో ఉండే మన పిల్లలకి చెప్పాల్సింది, అద్దె అగ్రిమెంట్ చదవండి. చాలా చోట్ల కొట్టిన చెట్టు లోపలికి తేకూడదని రాసి ఉంటుంది, కారణం ఈ నిప్పు భయమే. అలాంటి చోట ప్లాస్టిక్ తప్ప దారి లేదు. అప్పుడు కొత్తది కొనకుండా ఇండియాకి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర పాతది తీసుకోండి, తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి నవంబరులో ఒకటి రెండు ఉచితంగానే పెడతారు.

లాంకషైర్ లత
ఇంగ్లండ్ నుంచి ఒక చిన్న విషయం. మాకు దగ్గర్లో లిథమ్ సెయింట్ ఆన్స్ అనే ఊరి తీరంలో పండగయ్యాక వాడేసిన చెట్లు తీసుకెళ్ళి ఇసుక దిబ్బల దగ్గర వరసగా పాతిపెడతారు. గాలికి కొట్టుకొచ్చే ఇసుక కొమ్మల్లో చిక్కుకుని దిబ్బ పెరుగుతుంది, సముద్రం లోపలికి రాకుండా అదే అడ్డు. బాపట్ల తమ్ముడు బీచ్ సరుగుడు గురించి రాసింది చదివితే ఇది గుర్తొచ్చింది. ఇక్కడ చచ్చిన చెట్టుతో చేసే పని అక్కడ బతికున్న చెట్లు చేస్తున్నాయి, వాటిని నరకడం ఎంత అన్యాయమో.

మెదక్ బిడ్డ
అందరికీ వందనాలు. నేను వేరేగా ఆలోచిస్తాను. అసలు చెట్టు ఎందుకు? మా చిన్నతనంలో మెదక్‌లో మాకు చెట్టు లేదు, నక్షత్రం ఉండేది. వెదురు బద్దలు కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి వాకిట్లో ఎత్తుగా కట్టేవాళ్ళం, ఊరంతా కనబడేది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మా పెద్ద చర్చికి క్రిస్మస్ రోజు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, వాళ్ళలో ఎంతమంది ఇళ్ళలో చెట్టు ఉంటుంది? ఇప్పుడు చెట్టు లేని ఇల్లు క్రిస్మస్ ఇల్లు కాదన్నట్టు అయిపోయింది, పేదవాళ్ళు కూడా అప్పు చేసి కొంటున్నారు. పైగా బైబిల్లో యిర్మీయా 10వ అధ్యాయంలో చెట్టు నరికి వెండి బంగారాలతో అలంకరించడం తప్పని ఉందని మా దగ్గర కొందరు బోధిస్తారు. దీని మీద పెద్దవాళ్ళు ఎవరైనా చెప్పండి.

గుంటూరు మాస్టారు
బాబూ, మంచి ప్రశ్న అడిగావు. యిర్మీయా ఆ అధ్యాయంలో మాట్లాడింది చెట్టు కొట్టి, చెక్కి, విగ్రహం చేసి, దానికి వెండి బంగారాలు తొడిగి మొక్కేవాళ్ళ గురించి. ముందూ వెనకా వచనాలు కలిపి చదివితే అర్థమవుతుంది. క్రిస్మస్ చెట్టు అప్పటికి లేనే లేదు. అది జర్మన్ ఇళ్ళలో మొదలైన ఆచారం, ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ 1848లో లండన్ పత్రికలో వచ్చాక సామాన్యుల ఇళ్ళలోకి పాకింది. మన గుంటూరుకి 1842లో వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ దొర కూడా జర్మనీలో పుట్టినవాడే. అంటే చెట్టు సువార్తతో పాటు రావలసిన వస్తువు కాదు, ఆ దేశాల ఇంటి అలవాటు. పెట్టుకుంటే పాపమూ లేదు, పెట్టుకోకపోతే లోటూ లేదు. ఇక నీవు చెప్పిన అప్పు సంగతి, అది నన్ను కూడా బాధిస్తుంది. చర్చిలో ఒక్క పెద్ద చెట్టు పెట్టి పిల్లలందరూ దానికే అలంకరణలు చేస్తే ఇంటింటికీ పోటీ ఎందుకు ఉంటుంది? బాపట్ల కుర్రాళ్ళు చేస్తున్నది నాకు నచ్చింది.

మెదక్ బిడ్డ
మాస్టారూ, సంతోషం. ఈ వివరణ మా కూటంలో చెప్తాను.

వైరింగ్ బాబాయి
ఇంతమంది ఇన్ని రాశారు, దూది గురించి ఒక్కరూ రాయలేదు. నేను ముప్పై ఏళ్ళుగా కరెంటు పనిలో ఉన్నాను, అమ్మా, చెట్టు ఏదైనా పెట్టుకోండి, మంచు అని చెప్పి దూది మాత్రం అంటించకండి. దూది మధ్యలో సీరియల్ సెట్టు, ఆ సెట్టుకి జుట్టంత సన్నటి వైరు, అతుకుల మీద టేపు కూడా సరిగా ఉండదు. ఒక్క నిప్పురవ్వ చాలు. సరుగుడు కొమ్మ నాలుగో రోజుకి ఎండి ఉంటుంది, ప్లాస్టిక్ అయితే విషపు పొగ వస్తుంది, పీవీసీ పొగలో ఉండే ఆమ్లం ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది. రెండిట్లో ఏదీ తక్కువ కాదు.

పాత మినీ బల్బుల సెట్టు ఇంకా వాడుతుంటే తీసేయండి, అవి వేడెక్కుతాయి. ఎల్ఈడీ తీసుకోండి, అడాప్టర్‌తో తక్కువ వోల్టేజీ మీద నడిచేదైతే ఇంకా మంచిది. ఒక సెట్టు చివర ఇంకో సెట్టు, దాని చివర ఇంకోటి తగిలించకండి. సరుగుడు కొమ్మకి బకెట్‌లో నీళ్ళు పోస్తారు కదా, ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఆ బకెట్ పక్కన నేల మీదే పెట్టి ఉండటం చాలా ఇళ్ళలో చూశాను, దాన్ని గోడకి ఎత్తుగా తగిలించండి. పడుకునే ముందు స్విచ్ తీసేయడం కాదు, ప్లగ్ పీకేయండి. తళతళలాడే లోహపు రేకు తోరణాలు వైరు చుట్టూ చుట్టకండి, ఎక్కడైనా తీగ బయటపడితే తోరణానికి కూడా కరెంటు వస్తుంది, పిల్లలు ముట్టుకునేది దాన్నే.

చీరాల కోడలు
బాబాయిగారూ, దూది విషయం మామయ్యగారికి ఇప్పుడే ఫోన్లో చదివి వినిపించాను. ఈ ఏడు దూది లేదు అని ఒప్పుకున్నారు, అత్తయ్య మాత్రం మరి మంచు ఎలా అంటున్నారు.

వైరింగ్ బాబాయి
అమ్మా, మన చీరాలలో మంచు ఎప్పుడు పడిందని! తెల్ల కాగితం కత్తిరించి లైట్లకి దూరంగా వేలాడదీయమనండి.

నీలి గోదారి
మా బాబుకి ఆస్తమా ఉంది కాబట్టి నా అనుభవం కూడా రాస్తున్నాను. నిజం చెట్టు అందరికీ పడదు. కొట్టిన చెట్టు మీద బూజు ఉంటుంది, ఇంట్లో వెచ్చగా ఉంచితే అది పెరుగుతుంది, సరుగుడు పూత ఉన్న కొమ్మ తెస్తే పుప్పొడి కూడా రాలుతుంది. అలాగని ప్లాస్టిక్ చెట్టు పెట్టేస్తే అయిపోయిందనుకోకండి. ఏడాదంతా అటక మీద పడి ఉన్న చెట్టు నిండా దుమ్ము, దాన్ని హాల్లో విప్పి దులుపుతారు, అప్పుడే పిల్లవాడికి తుమ్ములు, ఆయాసం. మేము డాబా మీదకి తీసుకెళ్ళి పైపు పెట్టి కడిగి, నీడలో బాగా ఆరనిచ్చి లోపలికి తెస్తాం. పండగయ్యాక అట్టపెట్టెలో పెట్టకుండా పాత దుప్పటిలో చుట్టి మంచం కింద పెడతాం, అటక మీద ఎండాకాలం వేడికి ఆ ఆకు పెళుసెక్కి రాలిపోతుంది. కోడలు గారి ఎదురు ఫ్లాట్ వాళ్ళ చెట్టు మూడేళ్ళకే పాడైందంటే బహుశా అందుకే అయ్యుండవచ్చు. ఇంకోటి, చాలా పాత పీవీసీ చెట్లలో సీసం వాడేవాళ్ళు, పొడిపొడిగా రాలుతున్న పాత చెట్టు ఉంటే పాకే పిల్లలున్న ఇంట్లో అసలు పెట్టకండి.

సికింద్రాబాద్ శాంతి
అమ్మో, ఈ సీసం సంగతి నాకు తెలియదు. మాది రాలడం లేదు గానీ మనవలు వచ్చే రోజుకి ఆలోచించాలి.

కడియం మొక్కలు
శాంతి గారూ, కోడలు గారూ, ఇంకో మాట. అరకేరియా కొనేవాళ్ళలో సగం మంది క్రిస్మస్ అయ్యాక దాన్ని నేలలో నాటేద్దాం అంటారు. ఇల్లు పక్కన మాత్రం నాటకండి. నేలలో పాతితే అది యాభై మీటర్లు దాటి పెరగగల చెట్టు. కుక్ పైన్ అయితే ఇంకో విచిత్రం ఉంది, మన ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపుకి, దక్షిణార్ధగోళంలో ఉత్తరం వైపుకి వాలి పెరుగుతుంది, అంటే ఎక్కడున్నా భూమధ్యరేఖ వైపే వాలుతుంది, శాస్త్రవేత్తలు వేర్వేరు దేశాల్లో కొలిచి మరీ 2017లో రాశారు. పాత బంగళాల్లో, కాలేజీల్లో ఆకాశానికి ఎగిసి కొంచెం వాలి కనబడేది ఇదే. చర్చి ఆవరణ పెద్దదిగా, కరెంటు తీగలకి దూరంగా ఉంటే అక్కడ పాతండి, సముద్రపు ఉప్పు గాలికి బాగా తట్టుకుంటుంది కాబట్టి బాపట్ల, చీరాల, విశాఖ చర్చిలకి మంచి చెట్టు. అప్పుడు ఏటా చెట్టు తెచ్చే పని కూడా ఉండదు, ఉన్నదానికే లైట్లు కట్టుకోవచ్చు. ఫ్లాట్ వాళ్ళు కుండీలోనే ఉంచి రెండు మూడేళ్ళకోసారి ఒక సైజు పెద్ద కుండీకి మార్చండి, కుండీలో ఉన్నంతకాలం నెమ్మదిగానే పెరుగుతుంది.

బాపట్ల యూత్
కడియం అన్నా, ఇది మా పాస్టర్‌గారికి చూపిస్తాను. చర్చి వెనక ఖాళీ స్థలం ఉంది.

చీరాల కోడలు
అందరికీ మరోసారి వందనాలు. అన్నీ మావారికి, మా అమ్మాయికి చదివి వినిపించాను. లెక్కల మాస్టారి 12 ఏళ్ళ లెక్క విని మావారే చెట్టు ఆర్డర్ పెట్టకుండా ఆపేశారు, అద్దె ఇల్లు మారినప్పుడల్లా ఆ పెట్టె మోసుకుంటూ అన్నేళ్ళు కాపాడగలమని ఆయనకి కూడా నమ్మకం లేదట. మూడడుగుల అరకేరియా తెచ్చి స్టూలు మీద పెట్టాలని అనుకుంటున్నాం. మామయ్యగారు కూడా ఖాళీ చేతుల్తో రానంటున్నారు, కోత జరుగుతున్న తోటలోంచి చిన్న సరుగుడు చివరు తెస్తారట, అది గుమ్మం దగ్గర నక్షత్రం కింద కట్టుకుంటాం. కడియం గారూ, రెండు డౌట్లు. మొక్క ఎప్పుడు కొనాలి? హాల్లో ఎన్ని రోజులు ఉంచవచ్చు? హాల్లో ఏసీ ఉంది, కిటికీ ఒక్కటే.

కడియం మొక్కలు
ఈ వారమే కొనేయండి. 23, 24 తేదీల్లో దొరికేవి అప్పుడే లారీ దిగినవి, ప్రయాణంలో కొమ్మలు నలిగి ఉంటాయి, ధర కూడా రెట్టింపు చెప్తారు. తెచ్చాక బాల్కనీలోనే ఉంచండి, కవరు విప్పి వెంటనే కుండీ మార్చకండి, వేర్ల చుట్టూ ఉన్న గట్టి మట్టి ముద్దతోనే పండగ దాటనివ్వండి, ఫిబ్రవరిలో ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి కింద బెజ్జాలున్న కుండీలోకి మార్చుకోవచ్చు. హాల్లోకి 20వ తేదీ ప్రాంతంలో తెచ్చి కిటికీ పక్కనే పెట్టండి, జనవరి మొదటి వారంలో బాల్కనీకి పంపేయండి. రెండు వారాలకేం కాదు. డిసెంబరులో మీకు ఏసీ అవసరం ఉండదు కాబట్టి ఆ గాలి గురించి దిగులు లేదు, ఫ్యాన్ గాలి తగిలినా పర్లేదు. బరువైన గంటలు, గాజు బంతులు కొమ్మ చివర కట్టకండి, లేత కొమ్మ వంగితే అలాగే ఉండిపోతుంది, కాగితపు బొమ్మలు, చిన్న ఎల్ఈడీ తీగ చాలు. బంగారు రంగు స్ప్రే కొట్టిన మొక్కలు అమ్ముతుంటారు, అవి తీసుకోవద్దు, ఆకుకి వెలుగు అందక కొన్ని నెలల్లో పోతాయి. బాల్కనీకి పంపేటప్పుడు మొదటి వారం గోడవారగా ఉంచి తర్వాత ఎండలోకి జరపండి.

చీరాల కోడలు
సరే అండీ. ఆదివారం ఆరాధన అయ్యాక నర్సరీకి వెళ్తున్నాం, తల విరగనిది, కింది వరస పచ్చగా ఉన్నది చూసి తెస్తాం. ఫోటో పెడతాను, బాగుందో లేదో చూసి చెప్పండి.